"ఒప్పుకోను" అన్న ప్రతిచోటా "డిసగ్రీ" రాదు: ఈ ఇంగ్లీషు క్రియను సరిగ్గా వాడటం ఎలా

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒక పని అప్పగించారు. గడువు మూడు రోజులు. చేతిలో అప్పటికే రెండు పనులున్నాయి. "దీనికి నేను ఒప్పుకోను" అని మనసులో అనుకుని, దాన్నే ఇంగ్లీషులో పెట్టి "ఐ డిసగ్రీ టు డూ దిస్ వర్క్" అని మెయిల్ పంపాను. పైఅధికారి నన్ను పిలిచి కూర్చోబెట్టి, "ఈ పని పద్ధతిలో నీకు ఏం నచ్చలేదు? నీ ఉద్దేశం చెప్పు" అని అడిగారు. పద్ధతి గురించి నాకు ఏ ఉద్దేశమూ లేదు. టైం సరిపోదు, అంతే. ఆ సంగతి ఆయనకు చేరలేదు. నేను వాడిన క్రియ ఆ సంగతి చెప్పే క్రియ కాదు.

ఇంగ్లీషు నేర్చుకుంటున్న తెలుగువాళ్ళు చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోవడం ఆ తర్వాత ఎన్నోసార్లు చూశాను. "అవును" అనడానికి పెద్ద భాష అక్కర్లేదు. "కాదు" అనాల్సి వచ్చినప్పుడే మాట తడబడుతుంది. తడబడితే టెన్షన్, టెన్షన్ వస్తే సొంత అభిప్రాయం ఉండి కూడా "ఓకే సర్" అనేసి బయటికి వచ్చేయడం. చెప్పగలిగిన మనిషి చెప్పలేక ఊరుకోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ ఒక్క క్రియను మొదటినుంచి పట్టుకుని చెబుతాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. చదువుతూ మీ సొంత వాక్యాలు రాసుకుంటే త్వరగా పట్టుబడుతుంది.

మొదట చేయాల్సింది: మీ "ఒప్పుకోను" ఏ రకమో తేల్చుకోండి

నిఘంటువు తెరిస్తే "డిసగ్రీ" పక్కన "ఒప్పుకోకపోవు, ఏకీభవించకపోవు, విభేదించు" అని ఉంటుంది. తప్పేమీ కాదు. కానీ మన "ఒప్పుకోను" చాలా పెద్ద మాట. ఈ ఐదు వాక్యాలు చూడండి.

"అద్దం పగలగొట్టింది తనేనని వాడు ఒప్పుకోలేదు."
"మాతో రావడానికి ఆమె ఒప్పుకోలేదు."
"నేను ఒంటరిగా ప్రయాణం చేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు."
"ఆ షరతులు అవతలి పక్షంవాళ్ళు ఒప్పుకోలేదు."
"పరీక్షలు లేకపోతే పిల్లలు చదవరంటే నేను ఒప్పుకోను."

ఐదింటిలోనూ ఒకే క్రియ. తెలుగులో మనకు ఏ ఇబ్బందీ లేదు, సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది. ఇంగ్లీషులో మాత్రం ఐదు దారులు. మొదటిది చేసిన పనిని కాదనడం, దానికి "డినై" లేదా "డిడ్ నాట్ అడ్మిట్". రెండోది పని చేయనని చెప్పడం, దానికి "రెఫ్యూజ్". మూడోది అనుమతి ఇవ్వకపోవడం, అంటే "డిడ్ నాట్ అలౌ". నాలుగోది ఇచ్చినదాన్ని తీసుకోకపోవడం, "డిడ్ నాట్ యాక్సెప్ట్" లేదా "రిజెక్ట్". ఇక మిగిలిన ఐదోది ఒక్కటే "డిసగ్రీ". ఎదుటివాళ్ళ అభిప్రాయం ఒకటి, నా అభిప్రాయం ఇంకొకటి. ఈ క్రియకున్న ముఖ్యమైన పని అదే.

దీన్ని తేల్చుకోవడానికి నేను వాడే చిన్న పరీక్ష ఒకటుంది. మీ తెలుగు వాక్యంలో "ఒప్పుకోను" తీసేసి అక్కడ "నా అభిప్రాయం వేరు" అని పెట్టి చూడండి. "పరీక్షలు లేకపోతే పిల్లలు చదవరంటారు, నా అభిప్రాయం వేరు." అతికింది కదా. అయితే "డిసగ్రీ" వాడొచ్చు. "మాతో రావడానికి ఆమె అభిప్రాయం వేరు" అని పెడితే వాక్యం విరిగిపోయింది. విరిగితే వేరే క్రియ వెతకాలి.

నా మెయిల్‌లో తప్పు జరిగింది ఇక్కడే. ఇందులో మరో చిక్కు కూడా ఉంది. "అగ్రీ" అనే క్రియకు రెండు శక్తులున్నాయి: ఒకటి అభిప్రాయం కలవడం, రెండోది ఒక పనికి సరే అనడం. "ఐ అగ్రీ విత్ యూ" అంటే మీ అభిప్రాయమే నాదీ అని. "ఐ అగ్రీడ్ టు కమ్" అంటే వస్తానని ఒప్పుకున్నానని. అలాంటప్పుడు ముందు "డిస్" తగిలిస్తే రెండూ తిరగబడతాయని అనుకుంటాం. అలా జరగదు. "డిసగ్రీ"కి మొదటి శక్తికి వ్యతిరేకం మాత్రమే వచ్చింది. రెండోదానికి వ్యతిరేకం కావాలంటే "ఐ డిడ్ నాట్ అగ్రీ టు కమ్" అనాలి, లేదా "ఐ రెఫ్యూజ్డ్ టు కమ్" అనాలి. "ఐ డిసగ్రీడ్ టు కమ్" అనే వాక్యం ఇంగ్లీషులో లేదు.

దీన్నిబట్టి ఒక సులువు దొరుకుతుంది. "డోంట్ అగ్రీ" రెండు పనులూ చేస్తుంది, "డిసగ్రీ" ఒకటే చేస్తుంది. మాట్లాడుతుండగా ఏది వాడాలో తేలకపోతే "డోంట్ అగ్రీ" వైపు వెళ్ళండి. అది కాస్త మెత్తగా కూడా వినిపిస్తుంది.

ఆఫీసుల్లో "డిసగ్రీ అండ్ కమిట్" అనే మాట విని ఉంటారు. అమెజాన్ తన నాయకత్వ సూత్రాల్లో దీన్ని పెట్టుకుంది. నిర్ణయం నాకు సరైనదిగా అనిపించలేదు, ఆ మాట పైకి చెప్పాను, అయినా నిర్ణయం జరిగిపోయాక పూర్తిగా దానికోసం పనిచేస్తాను అని దాని అర్థం. "డిసగ్రీ" అంటే పని చేయనని చెప్పడమే అయితే ఈ మాటకు అర్థమే ఉండదు. అభిప్రాయం వేరుగా ఉంచుకుని పని చేయడం సాధ్యమే, ఆ రెంటినీ ఈ క్రియ విడివిడిగా ఉంచుతుంది.

తర్వాత: నోటికి అలవాటు చేయండి

ఇది త్వరగా అయిపోతుంది. మూడు ముక్కలుగా పలకండి: డిస్, అ, గ్రీ. బరువంతా చివరి "గ్రీ" మీద పడాలి, దాన్ని కాస్త సాగదీయాలి. మధ్యలో ఉన్నది "స" శబ్దం. "డిజాస్టర్", "డిజీజ్" అనే అలవాటులో చాలామంది దీన్నీ "డిజగ్రీ" అంటారు. అక్కర్లేదు, ఇక్కడ "స" అనే పలకాలి.

స్పెల్లింగ్‌లో ఎస్ ఒక్కటే. "డిస్" చివర ఒక ఎస్ ఉంది, "అగ్రీ" ఏతో మొదలవుతుంది, కలిపితే ఒకటే కదా. "డిస్‌సాటిస్‌ఫైడ్" లాంటి మాటల్లో రెండు ఎస్‌లు ఎందుకొస్తాయంటే అక్కడ రెండో పదం కూడా ఎస్‌తోనే మొదలవుతుంది. భూతకాలానికి చివర ఒక్క డి చేర్చండి, పలికేటప్పుడు "డిసగ్రీడ్". ఐఎన్‌జి రూపంలో రెండు ఈలూ అలాగే ఉంటాయి. హీ, షీ, ఇట్ వచ్చినప్పుడు "డిసగ్రీస్" అనే శబ్దం చివర కొద్దిగా "జ్" లాగా వినిపిస్తుంది.

పక్కన ఏ విభక్తి పెట్టాలి

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడ, కాబట్టి కాసేపు ఆగుదాం.

"ఐ డిసగ్రీ యూ" తప్పు. "ఐ డిసగ్రీ యువర్ పాయింట్" తప్పు. మనిషైనా, మాటైనా, నిర్ణయమైనా, మధ్యలో "విత్" ఉండాలి. "ఐ డిసగ్రీ విత్ యూ." "ఐ డిసగ్రీ విత్ యువర్ పాయింట్." "షీ డిసగ్రీస్ విత్ ద డెసిషన్."

ఆ "విత్" ఎందుకు జారిపోతుందో ఆలోచిస్తే కారణం మన వాక్యంలోనే ఉంది. "మీ మాట ఒప్పుకోను" అన్నప్పుడు "మాట" తర్వాత ఏ విభక్తీ లేదు. దాన్నే నేరుగా ఇంగ్లీషులో పేర్చితే "విత్" రాదు. అందుకని మాట్లాడేముందు మనసులోని తెలుగునే మార్చుకోండి. "ఒప్పుకోను" బదులు "ఏకీభవించను" అనుకోండి. "మీ మాటతో ఏకీభవించను." చూశారా, "తో" దానంతటదే వచ్చేసింది. ఆ "తో"యే "విత్". పత్రికల భాషలా అనిపించినా పర్వాలేదు, మనసులో అనుకోవడానికే కదా. నేను నేర్పినవాళ్ళలో ఎక్కువమందికి ఈ ఒక్క మార్పుతోనే పొరపాటు పోయింది.

ఎవరితో అన్నది "విత్" అయితే, దేని గురించి అన్నది "అబౌట్" లేదా "ఆన్". "వీ డిసగ్రీ అబౌట్ ద డేట్" అంటే తేదీ గురించి మా మాట కలవలేదు. "ఎక్స్‌పర్ట్స్ డిసగ్రీ ఆన్ ద కాజ్" అంటే కారణం విషయంలో నిపుణులది తలో మాట. "గురించి"కి "అబౌట్", "విషయంలో"కి "ఆన్" అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. వాదన ముదిరిందని, లాభనష్టాల లెక్క ఉందని చెప్పాలంటే వార్తల్లో "ఓవర్" వాడతారు: "ద టూ సైడ్స్ డిసగ్రీడ్ ఓవర్ మనీ." ఇద్దరినీ విషయాన్నీ ఒకే వాక్యంలో పెట్టొచ్చు: "ఐ డిసగ్రీ విత్ మై బ్రదర్ అబౌట్ దిస్."

వెనకాల పూర్తి వాక్యం రావాలంటే "దట్" పెట్టండి. "ఐ డిసగ్రీ దట్ ఎగ్జామ్స్ ఆర్ యూస్‌లెస్." సరైనదే, అయితే మాటల్లో "ఐ డోంట్ అగ్రీ దట్" ఎక్కువగా వినిపిస్తుంది. రాతలో అయితే "ఐ డిసగ్రీ విత్ ద వ్యూ దట్" అని మొదలుపెట్టడం నిండుగా ఉంటుంది.

మరి "అగ్రీ టు డిసగ్రీ"లో "టు" ఉందే అంటారేమో. ఆ "టు" ముందున్న "అగ్రీ"కి చెందినది. "నీ అభిప్రాయం నీది, నా అభిప్రాయం నాది, ఇక వాదన ఆపుదాం" అని ఇద్దరూ ఒప్పుకోవడం దాని అర్థం. ఇది చాలా పాత మాట. మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1770లో, తనతో సిద్ధాంత విభేదాలున్న జార్జ్ వైట్‌ఫీల్డ్ మరణించినప్పుడు చేసిన ప్రసంగంలో దీన్ని వాడారు. అంతకుముందు ఇద్దరూ బహిరంగంగా వాదించుకున్నవాళ్ళే. ఆ నేపథ్యం తెలిస్తే ఈ మాటలో ఎంత మర్యాద ఉందో అర్థమవుతుంది.

"యామ్" తీసేయండి, "ఇంగ్" కూడా తీసేయండి

"ఐ యామ్ డిసగ్రీ", "ఐ యామ్ నాట్ అగ్రీ". ఈ రెండూ రోజూ వినిపిస్తాయి. "ఐ యామ్ రెడీ", "ఐ యామ్ హ్యాపీ" అని అలవాటైన నోరు ఇక్కడా "యామ్" పెట్టేస్తుంది. రెడీ, హ్యాపీ అనేవి విశేషణాలు కాబట్టి వాటికి "యామ్" కావాలి. "డిసగ్రీ" తానే క్రియ. "ఐ డిసగ్రీ." రెండే మాటలు. కాదనాలంటే "ఐ డోంట్ అగ్రీ." ప్రశ్న అయితే "డు యూ డిసగ్రీ?" అనాలి, "ఆర్ యూ డిసగ్రీ?" అనకూడదు. "వీ ఆర్ అగ్రీడ్" అని సమావేశాల్లో అంటారు, అది సరైనదే. దాన్ని చూసి "వీ ఆర్ డిసగ్రీడ్" అనకండి, ఆ వాడుక లేదు.

"ఐ యామ్ డిసగ్రీయింగ్ విత్ యూ" సంగతి వేరు. ఇది తెలుగులో "నేను మీతో విభేదిస్తున్నాను" అనే వాక్యం నుంచి పుట్టింది. మనకు "విభేదిస్తున్నాను" చాలా సహజం. ఇంగ్లీషులో అభిప్రాయం ఒక స్థితి, జరుగుతూ ఉన్న పని కాదు. "నో" (తెలియడం), "బిలీవ్" లాంటి క్రియలకు "ఇంగ్" ఎలా పెట్టరో దీనికీ మామూలుగా పెట్టరు. ఎప్పుడూ వాదించుకుంటూనే ఉంటారని చెప్పేటప్పుడు మాత్రం "దే ఆర్ ఆల్వేస్ డిసగ్రీయింగ్" అనొచ్చు, అక్కడ అది నిజంగా పదేపదే జరిగే పని.

అవునా కాదా అన్నప్పుడు జాగ్రత్త

ఎవరైనా "డోంట్ యూ అగ్రీ?" అని అడిగారనుకోండి. తెలుగులో అది "మీరు ఒప్పుకోరా?" మన జవాబు "అవును, ఒప్పుకోను" అని వస్తుంది. అడిగినదాన్ని సరే అంటున్నాం కాబట్టి మనకు "అవును" సబబే. కానీ మీరు "యెస్" అనగానే ఇంగ్లీషు మనిషి మీరు ఏకీభవించారని రాసుకుంటాడు. మీరు మనసులో కాదనుకున్నారు, అక్కడ అవునని నమోదైంది. మీటింగుల్లో, ఇంటర్వ్యూల్లో ఇది ఎంత నష్టం చేస్తుందో చెప్పక్కర్లేదు.

సూత్రం ఇది: ప్రశ్న ఎలా అడిగారో వదిలేయండి, మీ జవాబు వాక్యం చూడండి. అందులో "నాట్" ఉంటే "నో"తో మొదలుపెట్టాలి, లేకపోతే "యెస్"తో. "నో, ఐ డోంట్ అగ్రీ." "యెస్, ఐ అగ్రీ." ఇక "డు యూ డిసగ్రీ?" అని అడిగితే? "డిసగ్రీ" అర్థంలో కాదనడం ఉన్నా, వాక్యంలో "నాట్" లేదు. కనుక "యెస్, ఐ డిసగ్రీ" అనాలి. గందరగోళంగా ఉంటే యెస్, నో రెండూ వదిలేసి నేరుగా "ఐ డిసగ్రీ" అనేయండి. ఎవరూ తప్పుపట్టరు.

పక్కనున్నవాళ్ళు "ఐ డిసగ్రీ" అంటే, "నాదీ అదే మాట" అనడానికి "సో డు ఐ" అనాలి. వాళ్ళు "ఐ డోంట్ అగ్రీ" అంటే "నైదర్ డు ఐ". ఇక్కడా చూసేది "నాట్" ఉందా లేదా అనేదే.

గట్టిగానా, మెత్తగానా

తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. "కాదు", "కాదండి", "కాదేమోనండి". ఒక్కో తోక చేర్చుతూ పోతే మాట మెత్తబడుతుంది. పైగా మీరు, నువ్వు అనే తేడా ఉంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే "యూ", చివర చేర్చడానికి "అండి" లేదు. అందుకని వాళ్ళు మర్యాదను వాక్యం మొదట్లో పెడతారు. ఇది గ్రహించకపోతే మనం తెలుగులో ఎంత మర్యాదస్తులమైనా ఇంగ్లీషులో "ఐ డిసగ్రీ విత్ యూ" అని పెద్దవాళ్ళ ముఖం మీద అనేస్తాం. మన గొంతులోని వినయం వాళ్ళకు వినపడదు.

కాబట్టి ముందు ఏం పెట్టాలో నేర్చుకోవాలి. "ఐ సీ యువర్ పాయింట్, బట్" అనేది మన "మీరన్నది నిజమే గానీ"కి అన్నదమ్ముడు. ఇది మనకు చిన్నప్పటినుంచి అలవాటైన పద్ధతే, కొత్తగా నేర్చుకోవాల్సింది మాటలే. "ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డిసగ్రీ"లో భయం ఏమీ లేదు, "అనక తప్పడం లేదు, ఏమీ అనుకోకండి" అని దాని భావం. "ఐ యామ్ నాట్ సో ష్యూర్ అబౌట్ దట్" మన "అలా కాదేమోనండి"తో సమానం. ఇది మీరు వాడటమే కాదు, అవతలివాళ్ళు అన్నప్పుడు పట్టుకోవడం కూడా ముఖ్యం. మీ ప్రతిపాదన విని ఎవరైనా "నాట్ సో ష్యూర్" అంటే వాళ్ళకు సందేహం ఉందని మాత్రమే అనుకుని వదిలేయకండి. చాలాసార్లు అది మర్యాదగా చెప్పిన "కాదు".

"యూ" తీసేసినా మాట మెత్తబడుతుంది. "ఐ డిసగ్రీ విత్ యూ" మనిషి మీదికి వెళ్తుంది. "ఐ డిసగ్రీ విత్ దట్ పాయింట్" విషయం మీదికి వెళ్తుంది. పెద్దలతో, కొత్తవాళ్ళతో రెండోదే వాడండి. "యూ ఆర్ రాంగ్" అయితే పూర్తిగా వేరే మాట. "డిసగ్రీ" నా అభిప్రాయం చెబుతుంది, "రాంగ్" ఎదుటివాళ్ళ మీద తీర్పు చెబుతుంది.

"ఐ బెగ్ టు డిఫర్" అనే వాడుక కూడా ఉంది. "క్షమించాలి, నా అభిప్రాయం వేరు" అని దాని భావం. రాతలో, సభల్లో బాగుంటుంది, స్నేహితుల మధ్య బిగుసుకుపోయినట్టు ఉంటుంది. "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" పట్ల మాత్రం జాగ్రత్త. మాటల్లో గౌరవం ఉన్నా, ఇప్పుడు గట్టిగా ఖండించబోతున్నారని చాలామంది చెవికి అది హెచ్చరికలా వినిపిస్తుంది.

గట్టిగా చెప్పాలంటే క్రియకు ముందు "స్ట్రాంగ్లీ", "కంప్లీట్లీ", "టోటల్లీ" పెట్టండి. కొంతే అయితే "పార్ట్లీ", "స్లైట్లీ". "ఐ వెరీ డిసగ్రీ" అనకూడదు. "హైలీ డిసగ్రీ" కూడా సహజంగా ఉండదు.

ఒక వాడుక దగ్గర చాలామంది పొరబడతారు: "ఐ కుడ్‌ంట్ అగ్రీ మోర్." అందులో "నాట్" వినపడగానే కాదంటున్నారని అనిపిస్తుంది. నిజానికి "ఇంతకంటే ఎక్కువగా ఏకీభవించడం నా వల్ల కాదు", అంటే నూటికి నూరు పాళ్ళు సరే అని. "ఐ కుడ్‌ంట్ డిసగ్రీ మోర్" అంటే అస్సలు ఒప్పుకోనని. "మోర్" విన్నాక గానీ నిర్ణయానికి రాకండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, "డిసగ్రీ" అన్న వెంటనే "బికాజ్" రావాలి. కారణం లేని అసమ్మతి ఏ భాషలోనైనా మొండితనంలా వినిపిస్తుంది. "ఐ సీ యువర్ పాయింట్, బట్ ఐ డిసగ్రీ, బికాజ్..." అని మూడు ముక్కలూ కలిపి ఒకే ఊపిరిలో వచ్చేదాకా పైకి పలికి సాధన చేయండి.

పరీక్షల్లో, ఫారాల్లో

విదేశాల్లో చదువుకు, ఉద్యోగానికి అడిగే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్ళకు రైటింగ్ రెండో టాస్క్‌లో, అంటే వ్యాసంలో, తరచుగా ఎదురయ్యే ప్రశ్న: "టు వాట్ ఎక్స్‌టెంట్ డు యూ అగ్రీ ఆర్ డిసగ్రీ?" ఎంతవరకు ఏకీభవిస్తారు, ఎంతవరకు విభేదిస్తారు అని. దాదాపు 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. ఇక్కడ "ఎక్స్‌టెంట్" అనే మాటకు జవాబు చెప్పాలి. పూర్తిగానా, చాలావరకా, కొంతవరకా? మొదటి పేరాలోనే తేల్చేయండి: "ఐ లార్జ్‌లీ డిసగ్రీ విత్ ద వ్యూ దట్ ఎగ్జామ్స్ ఆర్ ద బెస్ట్ వే టు జడ్జ్ స్టూడెంట్స్." మొదట విభేదిస్తున్నానని చెప్పి చివరికి ఏకీభవించినట్టు ముగిస్తే వ్యాసం కూలిపోతుంది. కొంతవరకు ఏకీభవించడం తప్పు కాదు, కానీ ఎంతవరకో, ఎక్కడ విడిపోతున్నారో స్పష్టంగా రాయాలి.

సర్వే ఫారాల్లో "స్ట్రాంగ్లీ డిసగ్రీ" నుంచి "స్ట్రాంగ్లీ అగ్రీ" వరకు గళ్ళుంటాయి. అభిప్రాయాన్ని ఇలా మెట్లుగా కొలిచే పద్ధతికి అమెరికన్ పరిశోధకుడు రెన్సిస్ లికర్ట్ పేరే స్థిరపడింది. ఆయన 1932లో దీన్ని ప్రచురించారు. గళ్ళు సులువే, చిక్కంతా వాక్యంలో "నాట్" ఉన్నప్పుడు. "ఐ డు నాట్ ఫీల్ టైర్డ్ ఆఫ్టర్ వర్క్" అని ఉంది, మీకు అలసట ఉంది. అప్పుడు "డిసగ్రీ" గడిలో టిక్ పెట్టాలి. కంగారుపడకుండా వాక్యాన్ని తెలుగులో పైకి చదువుకోండి: "పని తర్వాత నాకు అలసట ఉండదు." ఇది మీ విషయంలో నిజమా? కాదు. అయితే "డిసగ్రీ".

మనుషులు కాకుండా ఇంకేవి "డిసగ్రీ" అవుతాయి

ఈ భాగం నాకు చాలా ఇష్టం. "సమ్‌థింగ్ ఐ ఏట్ డిసగ్రీడ్ విత్ మీ" అంటే తిన్నదేదో నాకు పడలేదు అని. తిండి మనతో వాదించడమేమిటి అనిపిస్తుంది. పదం పుట్టుక చూస్తే తెలుస్తుంది. ఇది 15వ శతాబ్దంలో పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. "అగ్రీ" లోపల ఉన్న "గ్రే" అనే ఫ్రెంచి మాటకు ఇష్టం, ప్రీతి అని అర్థం. దాని మూలం లాటిన్‌లో "గ్రాటుస్", "గ్రేట్‌ఫుల్" అనే మాట కూడా అక్కడినుంచే వచ్చింది. ఒంటికి నచ్చినది "అగ్రీ", నచ్చనిది "డిసగ్రీ". మన "పడదు" సరిగ్గా ఆ చోట కూర్చుంటుంది. కానీ "వాళ్ళిద్దరికీ పడదు" అనే వాక్యానికి "డిసగ్రీ" వాడకండి. అది అభిప్రాయం మాట కాదు, సంబంధం మాట. దానికి "దే డోంట్ గెట్ ఎలాంగ్."

లెక్కలు, సాక్ష్యాలు పొంతన లేకుండా ఉన్నప్పుడు కూడా ఈ క్రియే వాడతారు. "ద టూ రిపోర్ట్స్ డిసగ్రీ" అంటే రెండు నివేదికలకూ పొంతన లేదని.

దీని చుట్టాల్లో రెండు మాటలు తికమక పెడతాయి. "అగ్రిమెంట్" అంటే ఒప్పంద పత్రం అని మనకు తెలుసు. అంతమాత్రాన "డిసగ్రిమెంట్" అంటే ఒప్పందం రద్దు కాదు, అభిప్రాయభేదం. "డిసగ్రీయబుల్" అంటే విభేదించే మనిషి కాదు, ఎవరికీ నచ్చని ప్రవర్తన గల మనిషి. "హీ ఈజ్ డిసగ్రీయబుల్" అంటే ఆయన్ని తిట్టినట్టే, జాగ్రత్త.

ఇరుగుపొరుగు క్రియల్లో "ఆబ్జెక్ట్" అంటే అభ్యంతరం పైకి చెప్పడం, దాని పక్కన "టు" వస్తుంది. "అపోజ్" అంటే అడ్డుకోవడానికి నిలబడటం, దీని పక్కన ఏ విభక్తీ అక్కర్లేదు. "డిసెంట్" సభల్లో, న్యాయస్థానాల్లో ఎక్కువమంది మాటకు భిన్నంగా నిలిచినప్పుడు వాడేది. "డిసగ్రీ" మనసులో ఉండిపోవచ్చు. మిగతా మూడూ సాధారణంగా బయటికి వచ్చినవే.

ఇప్పుడు మీ వంతు

ఈ ఐదింటినీ ఇంగ్లీషులోకి మార్చండి. జవాబులు చూడకముందు ఒక్కోదానికి "నా అభిప్రాయం వేరు" పరీక్ష పెట్టండి.

"మీ వాదన నాకు సబబుగా లేదు." "డబ్బు తీసుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు." "తేదీ గురించి వాళ్ళిద్దరి మాట కలవలేదు." "ఉత్తరం చించింది తనేనని వాడు ఒప్పుకోలేదు." "ఈ నిర్ణయం సరైనదని నేను అనుకోను, అయినా పని పూర్తిచేస్తాను."

వరుసగా: "ఐ డిసగ్రీ విత్ యువర్ ఆర్గ్యుమెంట్." "షీ రెఫ్యూజ్డ్ టు టేక్ ద మనీ." "దే డిసగ్రీడ్ అబౌట్ ద డేట్." "హీ డిడ్ నాట్ అడ్మిట్ దట్ హీ టోర్ ద లెటర్." "ఐ డిసగ్రీ విత్ దిస్ డెసిషన్, బట్ ఐ విల్ ఫినిష్ ద వర్క్." రెండూ, నాలుగూ తప్పితే మళ్ళీ మొదటి భాగానికి వెళ్ళండి. విభక్తి తప్పితే మూడో భాగానికి.

ఆరోది నా పాత మెయిల్. మూడు రోజుల గడువు, చేతిలో రెండు పనులు. మీరైతే ఏం రాస్తారు? ఇప్పుడైతే నేను ఇలా రాస్తాను: "ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్ ఫినిష్ దిస్ ఇన్ త్రీ డేస్, బికాజ్ ఐ ఆల్రెడీ హావ్ టూ అదర్ టాస్క్స్. కుడ్ ఐ హావ్ ఎ వీక్?" ఇందులో "డిసగ్రీ" ఎక్కడా లేదు, అవసరం కూడా లేదు.